చిత్రాంగి వేషం కట్టాక: నా అనుభవం

సారంగధర నాటకంలో చిత్రాంగి వేషం నాకిచ్చారని చెప్పగానే మా అత్తయ్య ముఖం చిన్నబోయింది. "సవతి కొడుకు మీద కన్నేసినదాని వేషం నీకెందుకమ్మా, తల్లి వేషం అడగకపోయావా" అంది. ఆమెను తప్పుపట్టను. తెలుగువాళ్లకు చిత్రాంగి అనగానే తరతరాలుగా అదొక్కటే గుర్తుకొస్తుంది. హైదరాబాద్‌లో పగలు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు నాటకాలు వేసే చాలామందిలో నేనూ ఒకదాన్ని. అప్పటిదాకా వేసినవన్నీ సాంఘిక నాటికలే. వదిన, టీచరు, కాలనీ ప్రెసిడెంటు భార్య లాంటి వేషాలు. పద్యనాటకం ఇదే మొదటిసారి. అది తయారైన క్రమంలో నేను నేర్చుకున్నవీ, మేం కొట్లాడుకున్నవీ, నాకు ఇంకా తేలనివీ రాస్తున్నాను. పద్యనాటకం అంటే ఇష్టం ఉండి, మనవల్ల అవుతుందా అని వెనకాడే ఆడవాళ్లకు పనికొస్తాయని ఆశ.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. రాజమహేంద్రవరం ఏలే రాజరాజనరేంద్రుడు కొడుకు సారంగధరుడికి సంబంధం చూడమని మనుషుల్ని పంపుతాడు. పెళ్లికూతురు చిత్రాంగికి చూపించింది సారంగధరుడి పటం. రాజు మాత్రం ఆమె పటం చూసి మనసుపడి తనే చేసుకుంటాడు. మా నాటక ప్రతిలో ఆ పెళ్లి, రాజు రాకుండా, ఆయన కత్తిని పెళ్లికొడుకు స్థానంలో పెట్టి జరుగుతుంది. పెళ్లికొడుకు ఎవరో ఆమెకు తెలిసేది కోటలో అడుగుపెట్టాకే. తర్వాత ఒకనాడు రాజు వేటకు పోయిన వేళ సారంగధరుడి పావురం ఎగిరి చిత్రాంగి మేడ మీద వాలుతుంది. దాని కోసం అతను వెళ్తాడు. ఆమె తన మనసు చెప్తుంది. అతను "నువ్వు నాకు తల్లివి" అని వెనుదిరుగుతాడు. అవమానంతో, భయంతో ఆమె నింద వేస్తుంది. రాజు విచారణ లేకుండా కొడుకు కాళ్లూ చేతులూ నరికించమంటాడు. నిజం బయటపడేసరికి అంతా అయిపోతుంది.

మా దర్శకుడు తెలుగు లెక్చరరుగా రిటైరైన మనిషి. అందరం సార్ అంటాం. ప్రతి కూడా ఆయనే రాశారు, పాత నాటకాల్లోది ఒక్క పద్యం కూడా తీసుకోకుండా. మొదటి రోజు చిక్కడపల్లిలో ఒక అపార్టుమెంటు సెల్లారులో చాపలు పరిచి కూర్చోబెట్టి, ప్రతులు పంచకముందే ఒక మాట తేల్చారు. "కరపత్రం మీద చారిత్రక నాటకం అని వేస్తాం. కానీ ఇందులో చరిత్ర ఎంతో, కథ ఎంతో మీకు తెలియాలి." ఆ సాయంత్రమంతా అదే పాఠం. రాజరాజనరేంద్రుడు నిజంగా ఉన్నవాడు, వేంగీ చాళుక్యుడు. 1022లో పట్టాభిషేకం చేసుకుని 1061 దాకా ఏలాడు. నన్నయ చేత భారతం తెలుగు చేయించింది ఆయనే. భార్య అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు. వాళ్ల కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. శాసనాల్లో సారంగధరుడు లేడు, చిత్రాంగీ లేదు. వాళ్లిద్దరూ మరో దారిన వచ్చారు. 15వ శతాబ్దంలో నాథయోగుల మీద గౌరన రాసిన నవనాథ చరిత్రలో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న సారంగధరుడు ఒక సిద్ధుడి దయవల్ల వాటిని తిరిగి పొంది చౌరంగి అనే యోగి అవుతాడు. ఆ తర్వాత తంజావూరులో చేమకూర వెంకటకవి దీన్నే కావ్యం చేశాడు. 1656లో అప్పకవి సారంగధరుణ్ణి రాజరాజనరేంద్రుడి కొడుకుగా చెప్పి, నన్నయ వ్యాకరణాన్ని నోటికి పట్టి కాపాడినవాడు అతనే అన్నాడు. అలా నాథయోగుల కథ గోదావరి ఒడ్డున ఇల్లు కట్టుకుంది. రాజమండ్రిలో సారంగధరుడి మెట్ట ఇప్పటికీ ఉంది.

"అయితే పాపం ఆ రాజు ఈ పని చేయనే లేదన్నమాట" అన్నాడు సారంగధరుడి వేషం వేసే అబ్బాయి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇరవైల్లో ఉన్నవాడు. అందుకే సార్ నాటకం మొదట్లో సూత్రధారుడి చేత "ఇది శాసనం చెప్పిన కథ కాదు, జనం చెప్పుకున్న కథ" అని ఒక్క వాక్యం అనిపించారు. ఉన్న రాజు మీద లేని హత్య మోపకూడదని ఆయన పట్టుదల. అన్యాయపు తీర్పు గురించి నాటకం వేసేవాళ్లు పాటించాల్సిన మొదటి మర్యాద అదే అని నాకూ అనిపించింది.

ఇంకో సంగతి కూడా ఆ రోజే విన్నాను. ఈ కథను తెలుగు వేదిక మీద విషాదాంతంగా నిలబెట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలు. నాటకం మంగళంతో ముగియాలన్న సంస్కృత సంప్రదాయం గట్టిగా ఉన్న రోజుల్లో ఆయన "విషాద సారంగధర" రాశాడు. తెలుగులో మొదటి విషాదాంత నాటకంగా దాన్నే చెప్తారు. ఆ రోజుల్లో బళ్లారిలోనే చారిత్రక నాటకాలు రాసిన కోలాచలం శ్రీనివాసరావూ వకీలే. ధర్మవరం వారి మేనల్లుడు, పేరుమోసిన నటుడు బళ్లారి రాఘవ కూడా న్యాయవాదే. పగలు కోర్టులో వాదించి రాత్రి ముఖానికి రంగు వేసుకున్న మనుషులు వీళ్లు. ముద్దాయిని అడగకుండా తీర్పు చెప్పిన రాజు కథ ఒక వకీలు చేతిలో విషాదంగా మారడం నాకు యాదృచ్ఛికంగా తోచలేదు. ఇది నా ఊహే, కానీ ఆ ఊహతోనే ప్రతి చదవడం మొదలుపెట్టాను.

చదివేకొద్దీ నాకు పట్టుబడింది ఒకటే. ఈ నాటకంలో ఎవరూ ఎవర్నీ అడగరు. రాజు పెళ్లికి ముందు చిత్రాంగిని అడగడు. పటం తెచ్చినవాళ్లు, ఇది ఎవరి కోసం అని ఆ పిల్లకు తెలుసో లేదో కనుక్కోరు. వేటనుంచి వచ్చిన తండ్రి కొడుకును అడగడు. తల్లి రత్నాంగిని సభకు పిలవరు కూడా. చిత్రాంగి ప్రేమ ఒక పటం మీద మొదలైంది, ఆ పటం పంపింది ఈ ఇంటివాళ్లే. పెళ్లికి ముందు ఆమె ఆ ముఖాన్ని ప్రేమించడం ధర్మం. తాళి పడ్డాక అదే ప్రేమ పాపం. మధ్యలో మారిందల్లా పెద్దల నిర్ణయం. ఈ సంగతి ప్రేక్షకుడికి అందకపోతే ఆ వేషం వేయడంలో అర్థం లేదనుకున్నాను.

సార్‌తో నా మొదటి గొడవ ఇక్కడే. నింద వేసే ఘట్టంలో ఆమె పూర్తిగా అబద్ధం చెప్పకుండా, కన్నీళ్లు పెట్టుకుంటే రాజే అపార్థం చేసుకున్నట్టు మార్చమని అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. "అమ్మా, ఆమెకు జరిగింది అన్యాయం. ఆమె చేసింది కూడా అన్యాయం. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని చెరిపెయ్యకు. ఒక నిర్దోషి చేతులు పోతున్నాయి. ఆ అబద్ధం ఆమె నోటితోనే రావాలి" అన్నారు. ఆ రాత్రి బస్సులో ఆలోచిస్తూనే ఇల్లు చేరాను. ఆయన మాటలో బరువుంది. అందుకని అబద్ధాన్ని ఉంచాం. మార్చింది దాని ముందున్న క్షణాన్ని. సారంగధరుడు వెళ్లిపోయాక, రాజు రాకముందు, చిత్రాంగి ఒంటరిగా ఉండే సన్నివేశం పాత పద్ధతిలో పగతో పళ్లు నూరే సన్నివేశం. దాన్ని భయంగా చేశాం. రాజుకు తెలిస్తే నరికేది తననే. ఆ పిల్ల ఆ కోటలో ఎవరికి చెప్పుకుంటుంది? ఆ భయంలోంచి అబద్ధం పుడుతుంది. దాన్ని నేను క్షమించను, కానీ అది ఎలా పుట్టిందో నాకు తెలుసు. నటించడానికి అంత చాలు.

ఇక పద్యం. దీని గురించే ఎక్కువ రాయాలని ఉంది.

మా హార్మోనిస్టు సురభి కుటుంబంవారు. శేరిలింగంపల్లి నుంచి వచ్చేవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ నాటక సమాజంలో ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. మిగతా చోట్ల అది మగవాళ్ల సొత్తుగానే ఉండేది. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారి చిత్రాంగి గురించి పెద్దవాళ్లు ఇప్పటికీ కథలుగా చెప్తారు. ఆడవాళ్లు వేదికెక్కాలని బళ్లారి రాఘవ ఎంతో పట్టుబట్టాల్సి వచ్చింది. ఇదంతా మాస్టారు హార్మోనియం తిత్తి సవరించుకుంటూ మాటల మధ్య చెప్పేవారు. "మా మేనత్త వేసేదమ్మా చిత్రాంగి. జనం తిట్టేవాళ్లు, మళ్లీ ఆవిడ పద్యం కోసమే వచ్చేవాళ్లు" అన్నారు ఒకసారి.

నాకు సంగీతం కొద్దిగా వచ్చు, చిన్నప్పుడు వర్ణాల దాకా నేర్చుకున్నాను. అది పద్యానికి సగమే సాయపడింది. మాస్టారు మొదట శ్రుతి చూశారు, అంటే ఎవరి గొంతు ఏ స్థాయిలో నిలుస్తుందో. నాది ఐదు శ్రుతి. సారంగధరుడిది ఒకటిన్నర. ఇద్దరం ఒకే సన్నివేశంలో పద్యాలు ఎత్తుకోవాలి. ఒకరి తర్వాత ఒకరికి శ్రుతి మారుతుంటే హార్మోనియం మీద ఆయన చేసే సర్దుబాటు వినేవాళ్లకు తెలియదు. అతని పద్యం చివర్లో ఆయన నా షడ్జాన్ని, అంటే నా శ్రుతిలోని 'స'ను, మెల్లగా చూపిస్తారు. దాన్ని పట్టుకుని నేను మాట మొదలుపెట్టి, మాటలోంచి పద్యంలోకి వెళ్లాలి. ఆ వంతెన దాటడమే కష్టం. మాట్లాడే గొంతు ఒకటీ, పాడే గొంతు ఒకటీ అయితే ప్రేక్షకుడు అక్కడే నాటకంలోంచి బయటికి వచ్చేస్తాడు.

రెండో పాఠం విరుపు. పద్యాన్ని గణాల లెక్కన విరిస్తే అర్థం చచ్చిపోతుంది. అర్థం కోసం విరిస్తే నడక కుంటుతుంది. రెండూ కలిసే చోటు ప్రతి పద్యానికీ వేరు. మాస్టారు ముందు పద్యాన్ని వచనంలా చెప్పించేవారు, పక్కింటి మనిషితో చెప్పుకుంటున్నట్టు. అది నమ్మేలా వచ్చేదాకా రాగం ఎత్తనిచ్చేవారు కాదు. రాఘవ కూడా రాగం లాగి పాడటం ఇష్టపడేవాడు కాదని, అభినయం ముందు, గానం తర్వాత అనేవాడని చెప్పి, "నేను హార్మోనియం వాయించేవాణ్ణి, నాకే ఆ మాట నచ్చుతుంది చూడు" అన్నారు.

నాటకం మొత్తంలో నాకు ప్రాణమైన పద్యం ఇది. సార్ రాసిన ఆటవెలది.

పటము చూపి నాకు పతి యితడని చెప్పి
కత్తి పెట్టి తాళి కట్టినారు
నన్ను నడుగలేదు నా మన సెవరును
నేర మెవరి దనుచు నెవ్వరడుగు

మొదట దీన్ని ముఖారి రాగంలో కట్టాం. శోకానికి ముఖారి అనేది అలవాటు. పాడి చూస్తే ఆమె తన మీద తనే జాలిపడుతున్నట్టు ఉంది. ప్రశ్న వినిపించలేదు. మాస్టారు కాసేపు ఊరుకుని, "దీనికి రాగం పేరు వద్దమ్మా. మూడు పాదాలు మాటగానే చెప్పు. నాలుగోది ఎత్తు" అన్నారు. "నేర మెవరి దనుచు" దగ్గర పైషడ్జం తాకి, "నెవ్వరడుగు" దగ్గర గొంతు కిందికి దించకుండా అక్కడే వదిలేయమన్నారు. ప్రశ్న కాబట్టి పైనే ఉండాలి. ఆ నాలుగో పాదం గొంతులో కూర్చోడానికి నాకు చాలా సాయంత్రాలు పట్టింది. వంటింట్లో, స్కూటీ మీద, ఆఫీసు మెట్ల దగ్గర, ఎక్కడ వీలైతే అక్కడ అనుకున్నాను. మా అబ్బాయికి పద్యం కంఠతా వచ్చేసింది.

దుస్తుల సంగతి క్లుప్తంగానే చెప్తాను. చిత్రాంగి అంటే తళుకుల పావడా, తల నిండా నగలు అన్నది అద్దె డ్రెస్సుల వాళ్లకు కూడా నోటికొచ్చిన లెక్క. మాకు అది వద్దు. ముదురు ఎరుపు అంచున్న గద్వాల చీర ఒకటి ఎంచుకున్నాం. నగలు తక్కువ, అవి కూడా బేగంబజార్‌లో కొన్నవి. రాజుకు కిరీటం, భుజకీర్తులు మాత్రం అద్దెకు తెచ్చాం. పెద్ద తెరలకు గుడ్డ పటేల్ మార్కెట్‌లో దొరికింది.

పావురం విషయంలో మాత్రం చాలా ఆలోచించాం. కథ మలుపు తిరిగేది దాని రెక్క మీదే. నిజం పావురం తెద్దామని కుర్రాళ్ల ఉత్సాహం. పాతబస్తీలో ముర్గీచౌక్ దాకా వెళ్లి చూసొచ్చాం కూడా. అక్కడ పంజరాల్లో కిక్కిరిసిన పావురాల్ని చూశాక, వాటిలో ఒకదాన్ని లైట్ల వేడిలోకి, జనం మధ్యకి తేవడం సార్‌కి ఇష్టం లేకపోయింది. మాకు అక్కడ దొరికింది చప్పుడు. ఒక పావురం పంజరం తలుపు దగ్గర రెక్కలు కొట్టుకున్న చప్పుడు. తబలా వాయించే అతను దాన్ని విని వచ్చి, తడి గుడ్డను రెండు చేతులా పట్టి విదిలిస్తూ అదే చప్పుడు రాబట్టాడు. వేదిక మీద పావురం కనిపించదు. నేను తల పైకెత్తి చూస్తాను, అంతే. తర్వాత ఇద్దరు ముగ్గురు "పావురాన్ని ఎలా తెచ్చారు" అని అడిగారు.

తీర్పు సన్నివేశం దగ్గరికి వస్తాను.

రాజు వేషం వేసింది నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో బెంచ్ క్లర్కుగా చేసి రిటైరైన పెద్దమనిషి. నల్లగొండ వైపు వారు. నేను అన్నా అంటాను, ఆయన చెల్లె అంటారు. గొంతు గంభీరం, ఎత్తైన మనిషి. రాజంటే ఆయనే. కానీ తీర్పు డైలాగు దగ్గరికి రాగానే ప్రతిసారీ తడబడేవారు. పోర్షన్ రాక కాదు. ఒకరోజు ప్రతి మూసేసి సార్‌ని అడిగారు.

"సార్, ఈ సీన్ల పిలగాన్ని ఎవ్వరు అడగరా?"

"ఎవరూ అడగరు. అదే కదా విషాదం."

"నాకు నోరొస్తలేదు సార్. నా సర్వీసంతా బెంచి కిందనే కూసున్న. ఎంత చిన్న కేసైనా గాని, సాక్షులందరు చెప్పినంక జడ్జిగారు ముద్దాయిని అడుగుతరు. నీ మీద ఇట్ల చెప్పిన్రు, నువ్వేమంటవ్ అని. సెక్షన్ 313 స్టేట్‌మెంట్ అంటం దాన్ని. ఇప్పుడు కొత్త చట్టంల 351 అయింది. అది రాసుకోకుంటె తీర్పు నిలుసుడు కష్టం. దొంగతనం చేసినోన్ని గూడ అడుగుతం. కన్నకొడుకును అడగకపోతె ఎట్ల?"

రిహార్సల్‌లో ఎవరూ మాట్లాడలేదు. సార్ చాలాసేపటికి, "అడిగితే నాటకం ఉండదన్నా" అన్నారు.

"అయితె అడగవోయి ఆగుత. నోరు తెరిచి, ఆగుత."

ఆ సన్నివేశం అక్కడ పుట్టింది. రాజు సింహాసనం దిగి కొడుకు దగ్గరికి వస్తాడు. ముఖంలోకి చూస్తాడు. "సారంగా" అని పిలుస్తాడు. అడగబోతాడు. అప్పుడు కొడుకు కళ్లు ఒక్కసారి చిత్రాంగి వైపు తిరుగుతాయి. చెప్పు, నువ్వే చెప్పు అన్నట్టు. తండ్రి ఆ చూపును మరోలా చదువుకుంటాడు. అడగాల్సిన మాట ఆజ్ఞగా మారిపోతుంది. ఆ కొద్ది క్షణాల్లో నేను చేయాల్సింది నోరు తెరవకపోవడమే. నా మొత్తం వేషంలో అంత బరువైనది మరొకటి లేదు. ఒక్క మాటంటే ఆగిపోతుందని తెలిసి ఊరుకోవడం. అన్న "తీసుకెళ్లండి" అనేటప్పుడు ఆయన చేతులు నిజంగానే వణికేవి, ప్రతి రిహార్సల్‌లోనూ.

సారంగధరుడి అబ్బాయికి ఈ సన్నివేశం నచ్చలేదు. "అక్కా, నిజం చెప్పేయొచ్చు కదా అతను. ఎందుకు చెప్పడు?" అని నన్ను చాలాసార్లు అడిగాడు. అమ్మ స్థానంలో ఉన్నామె పరువు కోసం అని పెద్దలు చెప్పే జవాబు వాడికి సరిపోలేదు. నాకూ పూర్తిగా సరిపోదు. చివరికి వాడే ఒక దారి కనుక్కున్నాడు. తండ్రి అడిగితే చెప్దామని ఎదురుచూస్తాడు, తండ్రి అడగడు. అడిగేదాకా చెప్పకూడదన్న పెంపకం అతన్ని చంపింది అన్నాడు. అలా చేశాకే వాడి మౌనానికి ప్రాణం వచ్చింది.

ముగింపు మీద చివరి వారం దాకా తేలలేదు. సిద్ధుడు వచ్చి కాళ్లూ చేతులూ తిరిగి ఇచ్చే ముగింపు ఉంటే జనం సంతోషంగా ఇంటికి వెళ్తారని ఒక వర్గం. నాథ సంప్రదాయంలో కథ సాగింది అటే కాబట్టి అది అబద్ధపు ముగింపు కూడా కాదు. కానీ చేతులు మళ్లీ మొలిస్తే తీర్పు చెప్పినవాడు తప్పించుకుంటాడని సార్ వాదన. నా గొడవ వేరు. పాత పద్ధతిలో చిత్రాంగి చివర్లో ప్రాణం తీసుకుంటుంది. దానితో పాపం కడుక్కుపోయినట్టు రాజు, ప్రజలు, మనం అందరం ఊపిరి పీల్చుకుంటాం. ఆమెను చావనివ్వొద్దని అడిగాను. చివరి సన్నివేశంలో రాజు మొదటిసారి ఒక ప్రశ్న అడగాలి, ఆమె బతికుండి జవాబు చెప్పాలి. సార్ రెండు రోజులు ఆలోచించి ఒప్పుకున్నారు. నిజం తెలిశాక రాజు "ఎందుకు చేశావు" అంటాడు. ఆమె తన అబద్ధాన్ని ఒప్పుకుంటుంది, సాకు చెప్పదు. ఆ తర్వాత ఆ ఆటవెలది. శిక్ష ఆపమని మెట్ట మీదికి పంపిన వార్తాహరుడు ఆలస్యంగా చేరాడన్న కబురు. తెర.

ప్రదర్శన చిక్కడపల్లిలోనే. హాలు నిండలేదు కానీ ముందు వరసలన్నీ నిండాయి. వచ్చినవాళ్లలో పద్యం కోసం వచ్చే పెద్దవాళ్లు ఎక్కువ. వాళ్లు రాగం కోసం చెవులు రిక్కిస్తారు, బాగుంటే "వన్స్‌మోర్" అంటారు. సారంగధరుడి పద్యానికి ఒకటి పడింది. మోహన రాగంలో ఎత్తుకున్నాడు, బాగా పాడాడు. వాడు మళ్లీ పాడలేదు, సార్ ముందే వద్దన్నారు. కొంచెం గొణుగుడు వినిపించింది. తీర్పు దగ్గర అన్న నోరు తెరిచి ఆగినప్పుడు హాల్లోంచి ఒక ఆడమనిషి గొంతు గట్టిగా "అడుగయ్యా!" అంది. నాకు ఒళ్లు జలదరించింది. పక్క వింగ్‌లో ప్రాంప్టింగ్ చేస్తున్న అమ్మాయి చేతిలో ప్రతి జారిపోయింది. అన్న మాత్రం చెదరలేదు. ఆ గొంతు వచ్చిన వైపు ఒక్కసారి చూసి, చూపు దించుకుని, ఆజ్ఞ ఇచ్చాడు. రిహార్సల్స్‌లో ఎన్నడూ రానిది అది.

నా పద్యం చివర గొంతు పైనే వదిలేశాను. చప్పట్లు రాలేదు. అక్కడ రాకూడదు కూడా.

తర్వాత గ్రీన్ రూంలో విగ్గు తీస్తుండగా కొందరు వచ్చారు. ఒక పెద్దాయన కోపంగానే, "చిత్రాంగిని మంచిదాన్ని చేశారమ్మా, అది ధర్మం కాదు" అన్నారు. ఆమె అబద్ధం చెప్పింది కదండీ, మేం దాచలేదు కదా అన్నాను. "దాచలేదు. కానీ జాలి కలిగించారు" అన్నారు. అది నిజమే. దాని కోసమే అంత కష్టపడ్డాం. కాలేజీ అమ్మాయిలు ఇద్దరు మాత్రం నాతో వాదనకు దిగారు. వాళ్ల ప్రశ్న చాలా సూటిగా ఉంది. చిత్రాంగికి అన్యాయం జరిగింది, సారంగధరుడికి జరిగింది, సరే. మరి రత్నాంగి? భర్త ఇంకో పెళ్లి చేసుకున్నప్పుడు ఆమెను ఎవరు అడిగారు? కొడుక్కి శిక్ష వేసినప్పుడు ఆమెను ఎవరు పిలిచారు? మీ నాటకంలో కూడా ఆమె ఏడవడానికే వస్తుంది కదా అన్నారు.

ఆ మాట సార్‌కి చెప్పాను. ఆయన మర్నాడే ఫోన్ చేశారు. రత్నాంగికి కొత్త సన్నివేశం రాస్తున్నారు. ఆమె పిలవకుండానే సభకు వచ్చి, అడిగే హక్కు కోసం నిలబడే సన్నివేశం. అన్న దానికి ఎదురుపద్యం కావాలంటున్నారు. మాస్టారు ఆమెకు నాలుగు శ్రుతి గొంతు దొరికితే బాగుంటుందంటున్నారు, నా ఐదుకీ ఆమెకీ తేడా తెలిసేలా.

ఆ వేషం వేసిన అమ్మాయికి బెంగళూరు బదిలీ అయింది. రత్నాంగి స్థానం ఖాళీగా ఉంది. హైదరాబాద్‌లో ఉండి, సాయంత్రాలు చిక్కడపల్లి రాగలిగినవాళ్లు ఎవరైనా రావొచ్చు. పద్యం రాకపోయినా ఫర్వాలేదు, మాస్టారు నేర్పుతారు. ముందు మాటగా చెప్పిస్తారు, ఆ తర్వాతే రాగం.